గ్రూపులు దాటిన ప్రశ్నలు

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే నార్కట్‌పల్లిలోనైనా నాగర్‌కర్నూల్‌లోనైనా ఇంటికొచ్చిన చుట్టం మొదట అడిగేది ఒక్కటే: ‘ఏ గ్రూపు?’ ఎంపీసీ అంటే ఇంజినీరు, బైపీసీ అంటే డాక్టరు, సీఈసీ అంటే కామర్సో లాయరో. పిల్లవాడు ఇకపై ఏ ప్రశ్నలు వేసుకోవచ్చో, వేటితో వాడికి పనిలేదో ఆ ఒక్క మాటతో తేలిపోతుంది. నీతిశాస్త్రం ఏ గ్రూపులోనూ లేదు. ఇంటర్ మొదటి ఏడాదిలో దాని పేరుతో ఏళ్ల తరబడి ఒక పరీక్ష రాయించారు. పాసైతే చాలు, మార్కులు మొత్తంలో కలవవు. ఇక దైవశాస్త్రమంటారా, అది పాస్టరు కాబోయేవాడి చదువు.

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద అద్దంకి దారి చీలే చోట ఉన్న ఊరు నార్కట్‌పల్లి. ఒక పక్క వైద్య కళాశాల, దాని ఆసుపత్రి. మరో పక్క చెర్వుగట్టు మీద జడల రామలింగేశ్వరుడు. చుట్టుపక్కల బాప్టిస్టు చర్చిలు, కథోలిక చర్చిలు. నల్లగొండ కేంద్రంగా కథోలిక మేత్రాసనం 1976 నుంచి ఉంది. ఈ ప్రాంతంలో మనుషులను నిజంగా సతాయించే సంగతులు తీసుకుంటే ఒక్కటీ ఒక గ్రూపులో ఇమడదు. నీళ్ల సంగతే చూడండి.

తాగునీటికి మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 10500. అందులో ఫ్లోరైడుకు రెండు గడులు ఉన్నాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే ఆమోదయోగ్యం అని మొదటి గడి. రెండో గడిలో 1.5 అని ఉంటుంది, వేరే నీటి వనరు లేకపోతేనే అనే షరతుతో. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితీ 1.5 కాబట్టి ఆ అంకె గాలిలోంచి పుట్టిందేమీ కాదు. అయినా షరతు చదివితే ఆగి ఆలోచించాల్సిందే. వేరే బోరు లేని ఊరివాడి ఎముకలు మిగతావాళ్ల ఎముకల కన్నా గట్టివి కావు. ఎండలో కూలికి పోయి రోజంతా నీళ్లు తాగేవాడి ఒంట్లో చేరే ఫ్లోరైడు ఇంకా ఎక్కువే. మొదటి అంకెకు రెండో అంకెకు మధ్య ఉన్న తేడా ప్రయోగశాల చెప్పింది కాదు. దిక్కులేనప్పుడు ఎంత అపాయం భరించమనవచ్చో మనుషులు కూర్చుని చేసిన నిర్ణయం అది. దాన్ని నీతిశాస్త్రం అనాలి, ప్రమాణంగా అచ్చయింది కాబట్టి పాలన అనాలి. పట్టికలో మాత్రం రసాయనశాస్త్రంలా కనిపిస్తుంది.

నల్లగొండ ఫ్లోరోసిస్ మీద ఎ.హెచ్. సిద్దిఖీ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లోనే వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడు తీసే విధానానికి ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. వైద్యం, రసాయనం తమ వంతు పని చేశాయి. మునుగోడు, మర్రిగూడ పల్లెల్లో వంకర తిరిగిన కాళ్లు మాత్రం ఆ తర్వాత ఎన్నో ఏళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. తెలిసిన సంగతిని ఇన్నాళ్లు అమలు చేయకపోవడం ఎవరి బాధ్యత అని అడిగే చదువు ఏ డిపార్ట్‌మెంటుదీ కాకుండా పోయింది.

ఇలాంటి ప్రశ్నల మీద భౌతికశాస్త్రం, న్యాయం, నీతి, దైవశాస్త్రం కలిసి కూర్చోవాలంటే అదేదో కేంబ్రిడ్జిలో, రోములో జరిగే వ్యవహారం అనుకుంటారు. తెలుగువాళ్లలో అలా కూర్చున్నవాళ్లు ఉన్నారు. పండిపెద్ది చెంచయ్య పేరు చర్చి చరిత్ర చదివినవాళ్లకు తప్ప పెద్దగా తెలియదు. (గదర్ ఉద్యమంలో పనిచేసిన దరిశి చెంచయ్య వేరు.) ఈయన 1886లో నెల్లూరులో హిందూ కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే ఇంటిల్లిపాదీ క్రైస్తవం తీసుకున్నారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో తత్వశాస్త్రం, ఆ తర్వాత లా చదివి, వకీలుగా పనిచేసి, పుదుక్కోట సంస్థానంలో చీఫ్ జడ్జి అయ్యారు. ఆయన బంధువు, సహచరుడు వి. చక్కరై కూడా వకీలే; కార్మిక నాయకుడు, మద్రాసు మేయరు.

1938 డిసెంబరులో తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగింది. ఆ సభ కోసమే డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ ఒక పెద్ద పుస్తకం రాశారు. దైవవాక్కు పైనుంచి దిగివచ్చేది, మిగతా మతాలు ఎంత గొప్పవైనా వాటి నుంచి దానికి మెట్లు లేవు అనేది స్థూలంగా ఆయన వాదం. చెంచయ్య, చక్కరై, మరికొందరు సభకు ముందే ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ అనే సంపుటి తెచ్చి క్రేమర్‌కు ఎదురు నిలిచారు. చర్చి, విశ్వాస ప్రమాణాలు, సిద్ధాంతాలు అన్నీ తర్వాతివాళ్లు కట్టినవి; వాటిని దాటి యేసు అనే మూల వాస్తవాన్నే నేరుగా చూడాలన్నది చెంచయ్య పట్టు. ఎవరో చెప్పగా విన్నదాని కన్నా నేరుగా చూసిన సాక్ష్యానికే విలువ ఇచ్చే కోర్టు అలవాటు ఇందులో తెలిసిపోతుంది.

విచిత్రమేమిటంటే, కోర్టులో బతికిన ఆ మనిషి దైవశాస్త్రంలో కోర్టు భాషను దూరం పెట్టారు. పాపానికి శిక్ష, ఆ శిక్షకు బదులు మరొకరి చెల్లింపు అనే లెక్క పాశ్చాత్య క్రైస్తవంలో శతాబ్దాలుగా నడుస్తోంది. చెంచయ్య దాన్ని మధ్యలోంచి పక్కకు జరిపారు. ఆయన దృష్టిలో యేసు వచ్చింది పాత బాకీ తీర్చడానికి కాదు, కొత్త సృష్టికి మొదలు పెట్టడానికి. జీవపరిణామంలో మనిషి తర్వాతి మెట్టు ఆయనే. పరిశుద్ధాత్మ ఈ లోకంలోకి కొత్తగా ప్రవేశించిన విశ్వశక్తి. బెర్గ్‌సన్ పరిణామ తత్వం, అరవిందుల యోగం, కుంభకోణం మాస్టర్ సీవీవీ సాధన ఈ ఆలోచన వెనక ఉన్నాయి. మాస్టర్ సీవీవీ శిష్య పరంపర తెలుగునాట ఎంత విస్తరించిందో తెలిసినవాళ్లకు ఈ కలయిక మరీ ఆశ్చర్యం కలిగించదు.

ధైర్యం ఒప్పుకోవాల్సిందే. కానీ ‘శక్తి’ అనేసరికి ఎంపీసీ విద్యార్థి చెయ్యెత్తుతాడు, ఎత్తాలి కూడా. భౌతికశాస్త్రంలో శక్తికి కొలత ఉంది, ప్రమాణం ఉంది, అది పుట్టదు నశించదు అనే నిత్యత్వ నియమం ఉంది. బయటి నుంచి కొత్త విశ్వశక్తి వచ్చిందంటే ఎన్ని జూళ్లు అని అడుగుతాడు. చెంచయ్య దగ్గర దానికి జవాబు లేదు. ఆయన మాట్లాడింది ఆ శక్తి గురించి కాదు. అలాంటప్పుడు ఆ పేరు ఎందుకు వాడుకున్నట్టు? పక్క శాస్త్రం నుంచి గౌరవం అరువు తెచ్చుకుని, ఆ శాస్త్రం పెట్టే పరీక్షకు మాత్రం కూర్చోకపోతే కుదరదు. ఈ తప్పు మన దగ్గర ఇప్పుడు రోజూ జరుగుతోంది. క్వాంటం అనే మాటను ప్రవచనాల్లో, ప్రార్థన సభల్లో, యోగా శిబిరాల్లో ఎవరు పడితే వాళ్లు వాడేస్తున్నారు. చెంచయ్యది కనీసం కొత్త దారి వెతికే తపన. ఇప్పటివాళ్లది ఎక్కువగా అలంకారం.

చెంచయ్య కాలంలోనే ఈ ధోరణికి సరిగ్గా ఎదురుగా నిలిచినవాడు బెల్జియం ఫాదర్ జార్జి లెమేత్ర్. ఆయన కథోలిక గురువు, సిద్ధాంత భౌతికశాస్త్రజ్ఞుడు. విశ్వం విస్తరిస్తోందని ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి 1927లో చూపారు, అంతా ఒక ఆదిమ అణువు నుంచి మొదలైందని 1931లో ప్రతిపాదించారు. 1951 నవంబరు 22న పన్నెండో పయస్ పోపు, సైన్సు ఇప్పుడు సృష్టి క్షణానికి సాక్ష్యం పలుకుతోందన్న ధోరణిలో ప్రసంగించారు. ఏ గురువైనా సంబరపడే సందర్భమే. లెమేత్ర్ ఇబ్బంది పడ్డారు. తన సిద్ధాంతం రేపు పరిశీలనలకు నిలవకపోవచ్చు, అప్పుడు దాని మీద కట్టిన విశ్వాసం ఏమవుతుంది? పైగా భౌతికశాస్త్రంలోని ఆరంభం, ఆదికాండంలోని సృష్టి ఒకే ప్రశ్నకు జవాబులు కావు. తన అభ్యంతరం వాటికన్ దాకా చేరవేశారు. మరుసటి ఏడాది రోములో ఖగోళశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సమావేశంలో మాట్లాడినప్పుడు పోపు ఆ పోలిక మళ్లీ తేలేదు.

తెలుగువాళ్లలో స్వామి జ్ఞానానందది ఇలాంటి నిగ్రహమే. పశ్చిమ గోదావరి గొరగనమూడిలో పుట్టి, హిమాలయాల్లో తపస్సు చేసి, యూరప్ వెళ్లి భౌతికశాస్త్రం చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాఖకు పునాది వేశారు. కాషాయం కట్టుకునే బీటా కిరణాల వర్ణపటాలు కొలిచారు. ఆ కొలతల్లో యోగం కలపలేదు.

రెండు శాస్త్రాలు కలవాలంటే సరిహద్దు ఉండాలి, దాటేవాడు అవతలి నియమాలకు లోబడాలి. ఇది తెలుసుకోవడానికి మన దగ్గరే ఒక కోర్టు కేసు ఉంది. శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌లో ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెడతామని ఒక సంస్థ వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల లోపల అలాంటివి వద్దని 111 జీవో (1996 మార్చి 8) చెప్పింది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. అప్పీలు విన్న మాజీ న్యాయమూర్తి పరిశ్రమ తరఫు శాస్త్రవేత్త అఫిడవిట్ నమ్మి, ప్రమాదం లేదన్నారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999 జనవరి 27న తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావు. ఎం.వి. నాయుడు కేసుగా దానికి పేరు.

భౌతికశాస్త్రజ్ఞుడు తన ఫలితం పక్కన ‘ఇంత అటూఇటూ’ అని రాసి, మరిన్ని ప్రయోగాలు కావాలంటాడు. అది అతని నిజాయితీ. జడ్జికి ఆ వెసులుబాటు లేదు. ఈరోజు అవునో కాదో చెప్పి తీరాలి. సైన్సు తేల్చలేని చోట కోర్టు ఎలా తేల్చాలి అన్న ప్రశ్ననే జగన్నాధరావు తీర్పు నెత్తికెత్తుకుంది. జవాబు రెండు భాగాలు. అపాయం లేదని నిరూపించే భారం అపాయం తెచ్చేవాడి మీదే ఉండాలి. ఇలాంటి కేసులు వినే చోట న్యాయం తెలిసినవాళ్ల పక్కన శాస్త్రం తెలిసినవాళ్లు కూర్చోవాలి. ఆ తర్వాత లా కమిషన్ అధ్యక్షుడై, పర్యావరణ కోర్టులపై 186వ నివేదిక ఇచ్చింది కూడా (2003) ఆయనే. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. ట్రిబ్యునల్‌లో ఇవాళ జడ్జి పక్కన నిపుణ సభ్యుడు కూర్చుంటున్నాడంటే ఆ దారిలో పెద్దషాపూర్ ఒక మజిలీ. 111 జీవోను మాత్రం 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వమే పక్కన పెట్టింది, అది వేరే బాధ.

నల్లగొండ జిల్లాలో ఇదే ప్రశ్న లంబాపూర్–పెద్దగట్టులో యురేనియం రూపంలో వచ్చింది. నాగార్జునసాగర్ జలాశయం పక్కనే తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ప్రతిపాదిస్తే 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. సాధారణ పౌరుడికి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ మించి అదనపు రేడియేషన్ తగలకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఈ అంకె ఎక్కడిది? హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడ్డవాళ్ల మీద దశాబ్దాల అధ్యయనం ఉంది. వాళ్లలో ఎక్కువ మోతాదు తగిలినవాళ్ల లెక్కల నుంచి తక్కువ మోతాదుల వైపు ఒక సరళరేఖ గీశారు. ఆ రేఖ కింది కొస దగ్గర నిజంగా ఏం జరుగుతుందో కొలవడం చాలా కష్టం. జాగ్రత్త కోసం రేఖ అలాగే సున్నా దాకా సాగుతుందని ఒప్పుకున్నారు. అంటే భౌతికశాస్త్రం చేతులెత్తిన చోట నీతి పెన్సిలు పట్టుకుంది. తండాల నుంచి వచ్చిన లంబాడా రైతులు ఆ సభలో అడిగింది ఈ గణితం కాకపోవచ్చు. కానీ కరెంటు ఒకరికి, దుమ్ము మాకా అన్న ప్రశ్న ఆ రేఖకు బయటిది కాదు. 2019 సెప్టెంబరులో నల్లమల యురేనియంపై శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసేదాకా ఈ ప్రాంతం ఆ ప్రశ్న వదల్లేదు.

మరి ఇందులో దైవశాస్త్రానికి చోటెక్కడ? భూమి దగ్గర. తెలంగాణ పల్లెల్లో లావణి పట్టా గొడవ లేని ఊరు అరుదు. భూమిలేని పేదకు ప్రభుత్వం ఇచ్చిన ఎకరమో రెండెకరాలో కూతురి పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో సాదాకాగితం మీద అమ్మేసుకుంటాడు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం, వాడుకలో పీఓటీ చట్టం, ఆ అమ్మకం చెల్లదంటుంది. కొన్నవాడి నుంచి భూమి తీసుకుని అసలు మనిషికో వారసులకో తిరిగి ఇచ్చే అధికారం రెవెన్యూ అధికారులకు ఉంది. ‘వాడే ఇష్టపడి అమ్మాడు కదా, డబ్బు తీసుకున్నాడు కదా’ అని కొన్నవాడు గోల పెడతాడు. కాంట్రాక్టు చట్టం మాత్రమే చదివినవాడికి ఆ గోల న్యాయంగానే అనిపిస్తుంది.

లేవీయకాండం 25వ అధ్యాయం చదివినవాడికి అలా అనిపించదు. యాభయ్యో ఏడు సునాద సంవత్సరం. ఆ ఏడు అమ్ముకున్న భూమి అసలు కుటుంబానికి తిరిగి వెళ్లాలి. అక్కడితో ఆగలేదు, ధర ఎలా కట్టాలో కూడా చెప్పారు: సునాదానికి ఇంకా ఎన్ని పంటలు మిగిలి ఉన్నాయో లెక్కపెట్టి అంతకే ధర. అంటే అమ్మింది నేలను కాదు, కొన్ని పంటలను. మన భాషలో అది కౌలు. దీని వెనక ఉన్న నమ్మకం, నేల దేవుడిది, మనుషులు అందులో ఉండనిచ్చినవాళ్లు. పీఓటీ చట్టం వెనక ఉన్న ఊహా దీనికి దగ్గరే: అసైన్డ్ భూమి రాజ్యానిది, పేదకు అనుభవించే హక్కే ఉంది. రెండు చోట్లా ఒకే నీతి సూత్రం పనిచేస్తోంది. ఆకలితో ఉన్నవాడి సంతకాన్ని పూర్తి ఒప్పుదలగా లెక్కించకూడదు. అయితే లేవీయకాండం ప్రాకారం ఉన్న పట్టణంలోని ఇంటికి ఈ నియమం వర్తించదంటుంది, ఏడాదిలో విడిపించుకోకపోతే కొన్నవాడిదే. పట్టణాలు పెరిగి అసైన్డ్ భూములు ప్లాట్లయిన చోట మన చట్టం తడబడుతున్నది సరిగ్గా అక్కడే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివించే లా క్లాసు ఎంత బాగుంటుంది! 1951 ఏప్రిల్ 18న, అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో, వెదిరె రామచంద్రారెడ్డి వినోబాకు భూదానంగా 100 ఎకరాలు ఇచ్చిన ప్రాంతం ఇది. నేల ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడ పుస్తకాల్లోంచి రాలేదు.

కులం సర్టిఫికెట్ దగ్గరికి వచ్చేసరికి దైవశాస్త్రం ఏకంగా కోర్టు బోనెక్కుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసైకి, క్రైస్తవుడన్న కారణంతో, ఎస్సీలకిచ్చే ఉచిత బంకు దక్కలేదు. 1985లో సుప్రీంకోర్టు అతని పిటిషన్ కొట్టేసింది. మతం మారాక కూడా ఆ కుల వైకల్యాలు అంతే తీవ్రంగా ఉన్నాయని చూపే ఆధారాలు తన ముందు లేవంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరుకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు బీసీ-సీ, ఒక శాతం రిజర్వేషన్.

క్రీస్తులో కులం లేదు అన్నది చర్చి బోధ. చట్టం ఆ బోధను ఉన్నదున్నట్టు నమ్మినట్టు నటించి హక్కు తీసేసింది. సమాధుల దొడ్లో, పెళ్లి సంబంధాల్లో కులం ఉందని చర్చి పెద్దలు ఒప్పుకుంటే తమ బోధ ఓడినట్టు, ఒప్పుకోకపోతే తమ జనం ఓడినట్టు. ఈ చిక్కుముడిని విప్పాల్సిన పని వకీళ్లది మాత్రమే కాదు. ‘ఉండాల్సింది’ అని బోధించేదాన్ని ‘ఉన్నది’ అనే సాక్ష్యంగా కోర్టు స్వీకరించవచ్చా అని తేల్చడానికి తర్కం, నీతి, దైవశాస్త్రం మూడూ కావాలి. కేంద్రం 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది ఈ సంగతి చూడమనే. 1985లో లోటుగా కనిపించిన ఆధారాలను సమకూర్చే పనిలో మన థియొలాజికల్ కాలేజీలు ముందుండాల్సింది.

కొత్త విద్యావిధానం 2020లోనే బహుళశాస్త్ర అధ్యయనం అని పెద్ద అక్షరాలతో రాసుకుంది. ఆచరణలో అది భౌతికశాస్త్రం పక్కన ఏదో ఒక ఆర్ట్స్ పేపరు అంటించడంతో తీరిపోతోంది. అలా అంటిస్తే చెంచయ్య ‘శక్తి’ లాంటివే మరికొన్ని పుడతాయి. కావాల్సింది ఒకే సమస్య మీద నలుగురూ కూర్చుని, ఒకరి సాక్ష్య నియమాలకు మరొకరు లోబడే పని. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007 నుంచి ఉంది. హైదరాబాద్‌లో ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కాలేజీ, నల్సార్, టీఐఎఫ్ఆర్ ఉన్నాయి, రహదారి మీద పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఈ నాలుగూ కలిసి ఏడాదికి ఒక్క ఉమ్మడి పేపరు పెట్టాలి. దిద్దేవాళ్లు నాలుగు శాఖల నుంచీ ఉండాలి, ఏ ఒక్కరు ఫెయిల్ చేసినా విద్యార్థి ఫెయిలే. మొదటి ఏడాది పాఠానికి ఒక లావణి పట్టా నకలు, ఒక బోరు నీటి పరీక్ష నివేదిక, సూసై తీర్పు చాలు. ఈ ఏడాది సిలబస్ కమిటీలు కూర్చోకముందే వైస్‌చాన్సలర్లు ఈ మాట ఎజెండాలో చేర్చాలి.